ఐదంగుళాలు తక్కువ

ఆ శనివారం పొద్దున్న ఫ్రీమాంట్ బార్ట్ స్టేషన్‌లో మా పక్కన నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్ళు చప్పుడు లేకుండా పోట్లాడుకుంటున్నారు. మాటలన్నీ చేతులతోనే. మా ఊళ్ళో ఇది కొత్త కాదు. కాలిఫోర్నియా బధిరుల పాఠశాల ఇక్కడే, గాలొడెట్ డ్రైవ్ మీద ఉంది. ఒకడు వేళ్ళతో ఏదో అన్నాడు, రెండోవాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. రైలొచ్చింది. ఆ బడికీ మేం వెళ్తున్న పనికీ చుట్టరికం ఉందని మధ్యాహ్నానికి గానీ నాకు తెలియలేదు.

మా అమ్మాయికి బర్క్‌లీలో సీటొచ్చింది. చేరేదీ లేనిదీ మే 1 లోపు చెప్పాలి. ఆ తర్వాత హాస్టల్ ఫారం. ఇక్కడ దాన్ని డార్మ్ అంటారు, మొదటి ఏడాది పిల్లల్ని ఫ్రెష్‌మన్ అంటారు. ఏ భవనం కావాలి, గదికి ఇద్దరా ముగ్గురా అని ఇష్టాలు వరసపెట్టి రాయాలి. ఇచ్చేది వాళ్ళే, అడగడం వరకే మన వంతు. నేను ఆంధ్రా యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీలో చేరినప్పుడు నోటీసు బోర్డు మీద పేరు, పక్కన గది నంబరు ఉండేవి. పెట్టె, బకెట్టు, మగ్గు పట్టుకుని వెళ్ళిపోవడమే. ఎంచుకునే బాధ లేదు. పదిహేడేళ్ళ పిల్లకి ఇన్ని గడులున్న ఫారం ఇస్తే ఇల్లంతా నెలరోజులు అదే గోల.

ఏప్రిల్‌లో ఒక శనివారం ‘కాల్ డే’ అని పెట్టి క్యాంపస్ అంతా తెరిచి చూపిస్తారు, డార్మ్‌లతో సహా. మా ఆయనకి ఆఫీసు పని తగిలింది. ఆయన రాలేదు గానీ కొలిచే టేపు పంపించారు.

ఆరెంజ్ లైన్ ఎక్కితే రైలు మారక్కర్లేదు, డౌన్‌టౌన్ బర్క్‌లీలో దిగడమే. దారిలో నా లెక్క నేను వేసుకున్నాను. ఆడపిల్లలు మాత్రమే ఉండేది కావాలి, గదిలో ఇద్దరికి మించకూడదు, చుట్టూ సందడి ఉండకూడదు. మా అమ్మాయి లెక్క ఏమిటో అడగాలని తట్టనేలేదు. అది చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

బర్క్‌లీ క్యాంపస్ అంతా ఏటవాలు. పడమర గేటు దగ్గర మొదలుపెడితే తూర్పున కొండ దాకా ఎక్కుతూనే ఉండాలి. మధ్యలో 307 అడుగుల గంట గోపురం, కాంపనీలీ. దాని కింద ఆగి ఊపిరి తీసుకున్నాం. తీసుకున్నది నేను. అది ఫోనులో అడుగులు లెక్క చూసుకుంటోంది.

ఉత్తరం వైపు పైకి ఎక్కితే ఫుట్‌హిల్ డార్మ్‌లు, పక్కనే స్టెర్న్ హాల్. స్టెర్న్ 1942లో మొదలైంది, ఆడపిల్లలకి మాత్రమే. లోపలికి అడుగుపెట్టగానే గోడ మీద డియేగో రివేరా వేసిన చిత్రం. మెక్సికో నుంచి వచ్చి అమెరికా గోడల నిండా కూలీల్ని నిలబెట్టిన ఆ మహానుభావుడే. 1931లో స్టెర్న్ కుటుంబం వాళ్ళ ఇంట్లో వేసిందట, తర్వాత ఇక్కడికి చేరింది. పూతకొచ్చిన బాదం చెట్లు, బుట్టలో పళ్ళు, చుట్టూ పిల్లలు, వెనక తోటపని చేసే మనుషులు. రోజూ మెస్సుకి వెళ్తూ వస్తూ ఇది చూడొచ్చు కదా! అక్కడికక్కడే నా మనసులో ఫారం నిండిపోయింది.

“ఇదే బావుందే. ఒకటో నంబరు ఇదే వేసెయ్.”

“బొమ్మ నీకు నచ్చింది, అమ్మా. ఉండేది నేను,” అంది అది, కోపం లేకుండానే.

అక్కణ్ణుంచి గేలీ రోడ్డు పట్టుకుని దక్షిణానికి నడిస్తే ఫుట్‌బాల్ స్టేడియం. హేవర్డ్ ఫాల్ట్ అనే భూకంపాల పగులు సరిగ్గా దాని కిందనుంచే పోతుంది. భద్రత పద్దులో మైనస్ వేద్దామనుకుంటే, ఆ పగులే మా ఫ్రీమాంట్ కిందనుంచి కూడా పోతుందని గుర్తొచ్చి ఊరుకున్నాను.

క్లార్క్ కెర్ అనే చోటు మరీ దూరం. క్యాంపస్ నుంచి మైలు ఉంటుంది. ఎర్ర పెంకుల కప్పులు, తెల్లటి గోడలు, కమానులు, మధ్యలో పచ్చిక లోగిళ్ళు. ఎవరో పాత జమీందారు విడిది అనిపించేలా ఉంది. మాకు చూపించిన కుర్రాడు మూడో ఏడాది విద్యార్థి, వెనక్కి నడుస్తూ మాట్లాడటంలో ఆరితేరినవాడు. “1980 దాకా ఇవి బధిరుల బడి, అంధుల బడి. తర్వాత రెండూ ఫ్రీమాంట్‌కి వెళ్ళిపోయాయి,” అన్నాడు. పొద్దున స్టేషన్‌లో చేతులతో మాట్లాడుకున్న పిల్లలు కళ్ళముందు కదిలారు. వాళ్ళ బడి ఇక్కణ్ణుంచి మా ఊరికొచ్చింది, మా ఊళ్ళో పెరిగిన పిల్ల చదువుకి ఇక్కడికొస్తోంది. మా అమ్మాయి మాత్రం “క్లాసు ఎనిమిదింటికుంటే ఏడింటికి బయల్దేరాలేమో” అని దిగులుపడింది. అంత పొద్దున్నే అది లేచిన సందర్భాలు నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను.

అసలు కథ యూనిట్ల దగ్గర జరిగింది. యూనిట్ ఒకటి, రెండు, మూడు. పేర్లలో కవిత్వమేమీ లేదు. 1960ల నాటి తొమ్మిదంతస్తుల టవర్లు, కింద టెలిగ్రాఫ్ వీధి హోరు. నేను వద్దనుకున్నవన్నీ ఒకేచోట పోగుపడ్డాయి. లిఫ్టులో పైకెళ్ళాం. ఒకే అంతస్తులో ఆడపిల్లలూ మగపిల్లలూ. ఈ సంగతి మా ఆయనకి ఎప్పుడు, ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ నడిచాను.

చూపించింది ముగ్గురుండే గది. తలుపు తెరవగానే మంచాలే ఎదురొచ్చాయి. ఒకదాని మీద ఒకటి రెండు, ఎదురుగా ఎత్తుకాళ్ళ మీద ఇంకొకటి, దాని కింద బల్ల. కుర్చీ వెనక్కి లాగితే బీరువా తలుపు తెరుచుకోదు. నేను టేపు తీశాను. బల్ల వెడల్పు కొలిచాను, బీరువా లోతు కొలిచాను, పై మంచానికీ కప్పుకీ మధ్య జాగా కొలిచాను. నాతో పాటు వచ్చిన చైనా తల్లి ఒకావిడ నా టేపు అడిగి తీసుకుని కిటికీ కొలిచింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం.

“రైస్ కుక్కర్ పెట్టుకోవచ్చా?” అని అడిగాను. గైడుగా వచ్చిన అమ్మాయి ఈ ప్రశ్న వెయ్యిసార్లు విన్నట్టుంది. “అనుమతించే వస్తువుల జాబితా ఉంటుంది ఆంటీ, చూసుకోండి. హాట్ ప్లేట్ మాత్రం కుదరదు.” ఆంటీ అనగానే ఎక్కడి పిల్లో తెలిసింది. ఆవకాయ గురించి అడగలేదు. ముగ్గురి గదిలో ఆవకాయ సీసా మూత తీయడం ఎవరి అనుమతి మీద ఆధారపడి ఉంటుందో నాకు తెలుసు.

కొలతలన్నీ చీటీ మీద రాసుకుని వెనక్కి తిరిగితే మా అమ్మాయి లేదు. వరండాలోకి వెళ్ళి చూశాను. ఎక్కువ గదుల తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఒక తలుపుకి చిన్న తెల్లబోర్డు వేలాడుతోంది. దాని మీద ఎవరో రాశారు, తమ దగ్గర నూడుల్స్ ఉన్నాయి, గిన్నె ఎవరి దగ్గరుంది అని. కింద ఇంకో చేతిరాతలో ఒక గది నంబరు. దాని కింద మూడో చేతిరాతలో “నేనూ వస్తున్నా”. మా అమ్మాయి ఆ బోర్డు ముందు నిలబడి చదివిందే చదువుతోంది. పొద్దుట్నుంచీ దాని మొహంలో చూడని నవ్వు అక్కడ కనిపించింది.

వాల్తేరులో మా యూనివర్సిటీ హాస్టల్ గదికి కరెంటు పోయిన రాత్రులు గుర్తొచ్చాయి. అందరం మేడ మీదికి చేరి, సముద్రపు గాలికి కూర్చుని, ఎవరింటి నుంచి వచ్చిన సున్నుండలో తింటూ తెల్లారేదాకా గడిపేవాళ్ళం. ఆ గది వెడల్పెంతో ఇప్పుడడిగితే చెప్పలేను.

స్టేషన్‌కి తిరిగొస్తుంటే బాంక్రాఫ్ట్ వీధి మొగలో ఇంకో కొత్త డార్మ్. పేరు చూసి ఆగిపోయాను. బ్లాక్‌వెల్ హాల్. 2018లో తెరిచారు. డేవిడ్ బ్లాక్‌వెల్! స్టాటిస్టిక్స్ చదివినవాళ్ళకి ఆ పేరు ఒంటరిగా గుర్తురాదు, ముందు రావు ఉండాలి. రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం. మా సి.ఆర్. రావు ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి కలకత్తా వెళ్ళి 1945లో తేల్చినదాన్ని, అమెరికాలో బ్లాక్‌వెల్ 1947లో తన దారిన తాను తేల్చాడు. 1940ల్లో నల్లజాతివాడన్న కారణంగా బర్క్‌లీలో ఆయనకి ఉద్యోగం దక్కలేదు. తర్వాతి దశాబ్దంలో వచ్చి, ఇక్కడ శాశ్వత ప్రొఫెసరైన మొదటి నల్లజాతీయుడయ్యాడు.

“ఏం చెప్తుంది ఆ సిద్ధాంతం?” అంది మా అమ్మాయి, నా ఉత్సాహం చూసి జాలిపడి.

“నీ దగ్గర ఒక ముతక అంచనా ఉందనుకో. డేటాలో ఉన్న సారమంతా పట్టిన సంఖ్య ఒకటి తీసుకుని, దాని ఆధారంగా ఆ అంచనాని సగటు చేస్తే కొత్తదొకటి వస్తుంది. అది పాతదానికంటే ఎప్పుడూ చెడ్డగా ఉండదు.”

అది రెండడుగులు వేసి, “నీ అంచనా స్టెర్న్ హాలు. డేటా చూశావుగా,” అంది. స్టాటిస్టిక్స్ వద్దు, వేరే చదువుతానన్న పిల్ల అది.

తిరుగు రైలు ఎక్కితే తర్వాతి స్టేషన్ ఆష్‌బీ. అక్కడ ఎడ్ రాబర్ట్స్ పేరుతో వికలాంగుల సంస్థల భవనం ఉంది, లోపల ఎర్రగా చుట్టలు చుట్టుకుంటూ పైకెళ్ళే ర్యాంపుతో. పోలియోతో మెడ కింద కదలికపోయిన రాబర్ట్స్ 1962లో బర్క్‌లీలో చేరాడు. రాత్రుళ్ళు ఊపిరి కోసం ఇనుప పెట్టెలాంటి యంత్రంలో పడుకోవాలి. దాని బరువు 800 పౌన్లు. డార్మ్ నేలలు అంత బరువు మోయవని క్యాంపస్ ఆస్పత్రిలో గది ఇచ్చారు. తర్వాత ఆయనలాంటి వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేరి, ఆ ఆస్పత్రి అంతస్తే వాళ్ళ డార్మ్ అయింది. దేశమంతా పాకిన వికలాంగుల హక్కుల ఉద్యమానికి అక్కడ ఒక వేరు పడింది. ఈ కథ చెప్తుంటే మా అమ్మాయి ఒక ఇయర్‌ఫోను తీసి వింది.

ఫ్రీమాంట్ చేరేలోపు వరస తేల్చుకుంది. ఒకటి, యూనిట్లలో ముగ్గురి గది, అద్దె కూడా తక్కువ. రెండు, నా మొహం చూసి, బ్లాక్‌వెల్. స్టెర్న్ ఆఖర్న. కోరినట్టే మొదటిది వచ్చింది.

ఆగస్టులో సామాను చేర్చడానికి ముగ్గురం వెళ్ళాం. లిఫ్టు దగ్గర వరసలో అరగంట నిలబడ్డాం. అక్కడే మా ఆయన అంతస్తు సంగతి కనిపెట్టారు, ఏమీ అనలేదు, టేపు జేబులోకి తోసుకున్నారు. గదిలో పరుపు మీద కొత్త దుప్పటి పరుస్తుంటే ఒక మూల తొడిగేసరికి ఎదుటి మూల ఊడొస్తోంది. అన్నీ కొలిచాను, పరుపు పొడుగు కొలవలేదు. మామూలు సింగిల్ పరుపు 75 అంగుళాలు, డార్మ్ పరుపు 80. వంగి గుంజుతుంటే, అప్పటికే కింద మంచం పట్టేసిన గదిపిల్ల లేచి, బల్ల సొరుగులోంచి నల్లటి ఆఫీసు క్లిప్పులు నాలుగు తీసి మా అమ్మాయికి అందించింది. “నాదీ ఇంతే, మా అమ్మ కూడా చిన్నదే కొంది,” అని తన దుప్పటి మూల ఎత్తి చూపించింది.