బండి వెనుక నాలుగు సైకిళ్ళు



మన పల్లెల్లో సైకిలే మనిషిని మోస్తుంది. వెనుక క్యారేజీ మీద బియ్యం బస్తా, హ్యాండిలుకు పాల క్యాను, ముందు కడ్డీ మీద పిల్లవాడు – ఇదే మనకు తెలిసిన సైకిలు. ఒకప్పుడు బస్సు వెనుక నిచ్చెన ఎక్కి, టాపు మీద సైకిలును పడుకోబెట్టి తాడుతో కట్టుకున్న రోజులు కూడా మనలో చాలామందికి గుర్తే. కాని సైకిలును మోయడానికి కారుకు ప్రత్యేకమైన ఏర్పాటు ఉంటుందనీ, దాన్ని ఎంచుకోవడానికి ఇంతగా ఆలోచించాలనీ నాకు 2023 జూన్ నెలలో అమెరికాలోని మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడే తెలిసింది.

మా అమ్మాయి, అల్లుడు మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ నగరానికి దగ్గరలో ఉంటారు. పిల్లలకు బడి సెలవులు ఇచ్చారు. "తాతయ్యా, మనం వెళ్ళే దీవిలో కార్లే ఉండవు, తెలుసా?" అని మా మనవరాలు నేను దిగిన రోజు నుండి చెబుతూనే ఉంది. ఆ దీవి పేరు మాకినా. హ్యూరన్ అనే మహా సరస్సులో ఉంది. మోటారు బండ్లు గుర్రాలను బెదరగొడుతున్నాయని 1898లో ఆ ఊరివారు వాటిని నిషేధించారు. నేటికీ అక్కడ అంబులెన్సు, అగ్నిమాపక బండి వంటివి తప్ప మామూలు కార్లు తిరగవు. నడవాలి, గుర్రపు బండి ఎక్కాలి, లేదా సైకిలు తొక్కాలి.

అక్కడ సైకిళ్ళు అద్దెకు దొరుకుతాయి. పెద్దవాళ్ళ వరకు అదే సులువు. కాని ఎనిమిదేళ్ళ మా మనవరాలు ఆ నెలలోనే సైకిలు నేర్చుకుంది. తన చిన్న ఎర్ర సైకిలు తప్ప వేరొకటి ఎక్కనంటుంది. దానిని తీసుకువెళితే అన్నది కూడా తీసుకువెళ్ళాలి, ఇక అమ్మానాన్నలవి మాత్రం ఎందుకు వదలాలి? అలా నాలుగు సైకిళ్ళయ్యాయి. నాకు మాత్రం అక్కడ అద్దెకు తీసుకుందామనుకున్నాము.

మా అల్లుడు ఒక స్నేహితుడి దగ్గర నుండి పట్టీల ర్యాకు అడిగి తెచ్చాడు. ఇది కారు డిక్కీ తలుపుకు కొక్కేలు తగిలించి, నైలాను పట్టీలతో బిగించే రకం. మూడు సైకిళ్ళు పడతాయి. సరిచూద్దామని ఒక శనివారం మూడింటిని దానికి వేలాడదీసి, దగ్గరలో ఉన్న పార్కుకు బయలుదేరాము. పది నిమిషాలు కూడా కాలేదు, వెనుక వస్తున్న కారు ఆగకుండా హారన్ మోగించసాగింది. అల్లుడు బండిని పక్కకు తీసి ఆపాడు.

దిగి చూస్తే మాకు నోట మాట రాలేదు. పై కొక్కేలు తగిలించిన చోట ఉన్నది ఇనుము కాదు, డిక్కీ అంచున అందానికి పెట్టిన ప్లాస్టిక్ రెక్క. అది పగిలింది. పట్టీలు వదులై, చిన్న ఎర్ర సైకిలు ఒక్క పట్టీ మీద వేలాడుతూ ఉంది. మరొక సైకిలు చక్రం కిందికి జారి సైలెన్సరు ఎదుటికి వచ్చింది. ఆ వేడికి టైరు బొబ్బలెక్కింది. హారన్ కొట్టిన కారులో ఒక తల్లి, వెనుక సీటులో ఇద్దరు పసిపిల్లలు. ఆమె మమ్మల్ని ఏమీ అనలేదు. "జాగ్రత్త" అన్నట్లు చెయ్యి ఊపి వెళ్ళిపోయింది. ఆ సైకిలు రోడ్డు మీద పడి ఉంటే ఏమయ్యేదో మా అందరికీ అర్థమైంది. ఇంటికి వచ్చేవరకు కారులో ఎవరూ మాట్లాడలేదు.

"మామయ్యగారూ, ఇంటి దగ్గర గట్టిగానే బిగించానండీ" అన్నాడు అల్లుడు ఆ రాత్రి. "నిజమే బాబూ, గట్టిగానే బిగించావు. కాని నీవు ఎక్కడ తగిలించావో చూడలేదు. దారిలో మళ్ళీ ఆగి కూడా చూడలేదు" అన్నాను. అప్పుడు మా నాన్నగారి మాట చెప్పాను. పొలం నుండి గడ్డి బండి కట్టుకు వచ్చేటప్పుడు, ఎంత బిగించి మోకు వేసినా, కొంత దూరం రాగానే ఆయన ఎడ్లను ఆపేవారు. కుదుపులకు గడ్డి సర్దుకుంటుంది, మోకు వదులవుతుంది. అప్పుడు మళ్ళీ బిగిస్తే ఆ కట్టు ఇంటిదాకా నిలుస్తుంది.

మరునాటి వారం అందరం కలిసి దుకాణానికి వెళ్ళాము. ముఖ్యంగా మూడు రకాలున్నాయి. మొదటిది పట్టీల రకం. ధర తక్కువ, బరువు తక్కువ, విప్పి డిక్కీలో పెట్టుకోవచ్చు. కాని ప్రతి కారుకూ సరిపడదు. ఏ కారుకు ఏ ర్యాకు సరిపోతుందో తయారుచేసేవారే జాబితా ఇస్తారు. మేము ఆ జాబితా చూడకుండా ఎరువు తెచ్చుకున్నాము. మా తప్పు అక్కడే జరిగింది.

రెండవది కారు పైకప్పు మీద పెట్టేది. డిక్కీ తలుపుకు అడ్డం రాదు, వెనుక దీపాలను మూయదు. కాని పద్నాలుగు కిలోల సైకిలును తల పైకి ఎత్తాలి. గాలికి ఎదురు నిలుస్తుంది గనుక పెట్రోలు ఎక్కువ ఖర్చవుతుంది. పైకప్పు మోయగల బరువు కూడా కొంతే. చాలా కార్లకు ర్యాకుతో కలిపి 75 కిలోలు మించదు. పైన సైకిలు ఉన్న సంగతి మరచిపోయి కారు షెడ్డులోకి తోలేసి, సైకిలునూ కప్పునూ పాడుచేసుకునేవారు ఎందరో ఉన్నారట!

మూడవది హిచ్ రకం. కారు అడుగున ఇనుప చట్రానికి ఒక చదరపు గొట్టం బిగిస్తారు. ర్యాకు దానిలోకి దూరుతుంది. ఈ గొట్టం ఒకటింపావు అంగుళం, రెండు అంగుళాలు అని రెండు కొలతలలో వస్తుంది. చిన్నది తక్కువ బరువు మోస్తుంది. ర్యాకులలో కూడా రెండు విధాలున్నాయి. ఒకదానిలో సైకిలును పై కడ్డీ పట్టుకుని వేలాడదీయాలి. పై కడ్డీ లేని ఆడవాళ్ళ సైకిలుకు, పిల్లల చిన్న సైకిలుకు అది సరిగా కుదరదు. రెండవదానిలో చక్రాలను పళ్ళెం వంటి దానిలో నిలబెట్టి కడతారు. అది ఖరీదు, బరువు కూడా.

మా అమ్మాయి కాగితం తీసి లెక్క వేసింది. పెద్ద సైకిళ్ళు రెండూ ఇరవై ఎనిమిది కిలోలు, పిల్లలవి ఇరవై, ర్యాకు ముప్పై – అంతా డెబ్బై ఎనిమిది. వాళ్ళ వ్యాను పుస్తకం తెరిచి, అది ఎంత మోయగలదో చూసిన తరువాతనే రెండు అంగుళాల హిచ్ బిగించి, చక్రాలు నిలబెట్టే ర్యాకు కొన్నారు. ధర మిగిలిన రెండింటికన్నా ఎక్కువైంది. "ఆ శనివారం పోగొట్టుకోబోయినదానికన్నా తక్కువే నాన్నా" అంది మా అమ్మాయి.

ప్రయాణం రోజు తెల్లవారుజామునే బయలుదేరాము. ఐ-75 హైవే మీద ఉత్తరంగా సుమారు 450 కిలోమీటర్లు. పది మైళ్ళు పోగానే అల్లుడు తనంతట తానే ఆపి, పట్టీలన్నీ లాగి చూశాడు. రెండు వదులయ్యాయి! బిగించాడు. తరువాత ఆగిన ప్రతి చోటా మనవడు దిగి, "తాతయ్యా, మోకు చూస్తాను" అని ఒక్కొక్క సైకిలునూ ఊపి చూసేవాడు. ఆ తెలుగు మాట వాడి నోట వింటుంటే నాకు ఎంత ముచ్చట వేసిందో!

మాకినా సిటీ అనే రేవు ఊళ్ళో వ్యానును వదిలి, సైకిళ్ళకు వేరే టికెట్టు తీసుకుని లాంచీ ఎక్కాము. 1957లో తెరిచిన, ఐదు మైళ్ళ పొడవైన మాకినా వంతెన దూరాన కనబడింది. దీవిలో దిగగానే గుర్రపు డెక్కల చప్పుడు, లైలాక్ పూల వాసన, పాలకోవా వంటి ఫడ్జ్ మిఠాయి వాసన. ఊళ్ళోకి సరుకులు తోలేది కూడా గుర్రాలే.

దీవి చుట్టూ సరస్సు ఒడ్డున సుమారు 8 మైళ్ళ రోడ్డు ఉంది. ఎం-185 అని పేరు. ప్రభుత్వ హైవే అయినా దాని మీద కార్లు నడవవు. దాదాపు అంతా చదును. మనవరాలు ఎర్ర సైకిలు మీద ముందు, నేను అద్దె సైకిలు మీద వెనుక. కొండ అంచున నీటికి 146 అడుగుల ఎత్తున నిలిచిన రాతి తోరణం కింద ఆగి చూశాము. 1829-30లో కట్టిన మిషను చర్చిని కూడా చూశాము. మిషిగన్ రాష్ట్రంలో నిలిచివున్న చర్చి భవనాలలో అదే పాతదట. చుట్టు పూర్తయ్యాక మనవరాలు దిగి, "ఒక్కసారి కూడా పడలేదు తాతయ్యా!" అంది. ఆ సైకిలు ఎక్కడ పడబోయిందో నేను మరచిపోలేదు.

ఇప్పుడు మన హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాలలో కూడా ఇటువంటి ర్యాకులు అమ్ముతున్నారు. మన కార్లకు హిచ్ అరుదు గనుక ఎక్కువమంది పట్టీల రకమే కొంటారు. మన రోడ్లపై గుంతలు, స్పీడు బ్రేకర్లు ఎక్కువ గనుక కట్టు త్వరగా వదులవుతుంది. మీ పిల్లలు కొనేటట్లయితే ఈ నాలుగు మాటలు చెప్పండి. కారుకు సరిపడేదేనా అని ముందు చూడాలి. కొక్కెం ఇనుము మీదనే పడాలి, ప్లాస్టిక్ మీద, అద్దం మీద పడకూడదు. చక్రం సైలెన్సరు దగ్గరికి రాకూడదు. నంబరు ప్లేటు, వెనుక దీపాలు కనబడాలి. ఏడాదికి ఒక్కసారే అవసరమైతే కొనడం మాని, అక్కడే అద్దెకు తీసుకోవడం మేలు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, కొంత దూరం పోయాక ఆగి చూడండి. బండికి కట్టినది మన సామానే గాని, అది జారితే పడేది వెనుక వచ్చేవారి బిడ్డల మీద. ఒక్క నిమిషం ఆగితే మనకు పోయేది ఏమీ లేదు.