తిరగని ఫ్యాను

30 ఏళ్లు ఫిజిక్సు చెప్పిన మేష్టారికి కారులో ఫ్యాను తిరగకపోవడమంత అవమానం మరొకటి లేదు. అదీ, పక్కన భార్య కూర్చుని వుండగా!

రోహిణి కార్తె. నల్లగొండలో మా చెల్లెలి కూతురి పెళ్లి. రాత్రి 8 గంటలకు ముహూర్తం. పుట్టింటి పుస్తె మా ఆవిడ సంచీలోనే వుంది. హైదరాబాదు నుంచి హాయిగా వచ్చిన కారు, పంతంగి టోల్‌గేటు దగ్గర వరుసలో నిలబడేసరికి వేడి ముల్లు పైకెక్కింది. వేగం అందుకోగానే దిగింది.

"పరుగులో ఎదురుగాలే రేడియేటరును చల్లబరుస్తుంది. నిలబడితే ఫ్యాను విసరాలి. కనుక దోషం ఫ్యానుదే" అని పాఠం చెప్పాను.

"కిందటి నెలే కొత్తది వేయించారుగా!" అంది మా ఆవిడ.

వేయించాను. బిల్లు సంగతి మాత్రం అడగకండి. మా నాన్నగారి అంబాసిడరులో ఈ గొడవే లేదు. ఇంజను తిరిగితే బెల్టు లాగి ఫ్యానూ తిరిగేది.

నార్కట్‌పల్లిలో చెట్టుకింద షెడ్డు. కుర్రవాడికి ఇరవై దాటవు. రేడియేటరు మూత తిప్పబోతే, "ఆవిరి ఎగజిమ్ముతది సార్!" అని నా చెయ్యి పట్టుకున్నాడు. ఇంజను చల్లారేదాకా కూర్చున్నాం.

"మోటారు కాలిందోయ్" అని తీర్పు చెప్పాను. వాడు విననట్టే ఇంజను వేయించి, ఏసీ పెట్టమన్నాడు. ఏసీ పెడితే ఫ్యానూ తిరగాలట. తిరగలేదు. ఫ్యూజు చూశాడు, బాగుంది. రిలే పీకి, అదే రకపు హారను రిలే పెట్టాడు. టిక్కుమంది గాని ఫ్యాను కదల్లేదు. ప్లగ్గు వూడదీసి బ్యాటరీ నుంచి ఫ్యానుకు నేరుగా తీగలిచ్చాడు. గిర్రున తిరిగింది!

"ఫ్యాను మంచిగనే ఉన్నది సార్."

మా ఆవిడ నావైపు చూసింది. నేను చెట్టువైపు చూశాను.

తర్వాత, 12 వోల్టుల బల్బుకు రెండు తీగలు కట్టాడు. ఒకటి ప్లగ్గులో కరెంటు వచ్చే పిన్నుకు, రెండోది బ్యాటరీ నెగటివుకు తాకించాడు. వెలిగింది. ఆ రెండో తీగనే ప్లగ్గులోని రెండో పిన్నుకు మార్చాడు. ఆరిపోయింది. నా చెవులు వేడెక్కాయి. కరెంటు వస్తోంది, తిరిగి వెళ్లే దారి లేదు! సర్క్యూటు పూర్తికానిదే బల్బు వెలగదని ఎన్ని వందలమంది పిల్లలచేత వల్లె వేయించానో!

"ఎర్తు అందుతలేదు సార్" అంటూ హెడ్‌లైటు కింద బాడీకి బిగించిన తీగ చూపించాడు. బోల్టు చుట్టూ తుప్పు. గరుకు కాగితంతో రుద్ది, బిగించాడు. ఫ్యాను తిరిగింది.

ముహూర్తానికి గంట ముందు పందిట్లో అడుగుపెట్టాం. "ఇంత ఆలస్యమేం?" అన్నారు బావగారు. నేను నోరు తెరిచేలోగానే మా ఆవిడ, "ఎర్తు అందలేదు, అన్నయ్యగారూ!" అంది. ఎవరికో చెప్పలేదు.