పోటు

"పదికి ఎంతుందమ్మా నొప్పి?"

ఇరవయ్యేళ్లుగా ఆస్పత్రుల్లో నన్ను అడుగుతున్న ప్రశ్న ఇది. సున్నా అంటే ఏమీ లేనట్టు, పది అంటే ఇక ఓర్చుకోలేనట్టు. నేను ఎనిమిది అంటే డ్యూటీలో ఉన్నవాళ్లు నా ముఖం వంక ఒకసారి చూస్తారు. కాలికి కట్టు లేదు, ఒంటి మీద గాయం లేదు, రక్తం కారడం లేదు. తొమ్మిది అంటే అతి చేస్తోందనుకుంటారు. ఆరు అంటే ఒక గోలీ ఇచ్చి బెంచీ మీద కూర్చోమంటారు. అందుకని మెల్లగా ఒక తెలివి నేర్చుకున్నాను. ఆ పూట డ్యూటీలో ఎవరున్నారో చూసుకుని నంబరు చెప్పడం.

నాది సికిల్ సెల్ జబ్బు. ఎర్ర రక్తకణం గుండ్రంగా, మెత్తగా ఉండాల్సింది పోయి కొడవలిలా వంగి గట్టిపడుతుంది. సన్నటి రక్తనాళాల్లో ఆ కొడవళ్లు ఒకదానికొకటి చిక్కుకుని దారి మూసేస్తాయి. మూసుకుపోయిన చోట, ఎముక లోపల, నొప్పి మొదలవుతుంది. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే నావి పది ఇరవై రోజులకే రాలిపోతాయి. వాన, చలి, జ్వరం, నీళ్లు తక్కువ తాగడం, ఎక్కువ దూరం నడవడం, వీటిలో ఏ ఒక్కటైనా చాలు నొప్పి లేవడానికి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జన్యువులూ వస్తేనే ఈ జబ్బు. ఒక్కటే వస్తే జబ్బు ఉండదు, పైగా మలేరియా అంత తేలిగ్గా చంపలేదు. మా భద్రాచలం ఏజెన్సీకి మలేరియా కొత్త కాదు. తరాల తరబడి మావాళ్లను దోమ నుంచి కాపాడుతూ వచ్చిందే నా దగ్గరికొచ్చేసరికి జబ్బయింది.

ఇదంతా పదమూడేళ్లు నిండాక తెలిసింది. అప్పటిదాకా ఆశ్రమ పాఠశాలలో నా పేరు 'నాటకాల పిల్ల'. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేసి ప్రార్థనకు నిలబడితే మోకాళ్లలో మొదలయ్యేది. నిన్న సాయంత్రం కబడ్డీ ఆడిన పిల్ల ఇవాళ నడవలేనంటే ఎవరు నమ్ముతారు? ఒకసారి నేనే నమ్మలేదు. నిజంగానే బద్ధకమేమో అనుకుని లేచి నిలబడి, పడిపోయాను.

రక్తపరీక్ష కాగితం చేతికొచ్చిన రోజు, సికిల్ అంటే కొడవలి అని డాక్టరు బొమ్మ గీసి చూపించారు. అమ్మ ఆ బొమ్మ వంక చాలాసేపు చూసింది. "చేతిలో ఉండాల్సింది ఒంట్లోకెట్టా పోయింది సారూ?" అని అడిగింది. తర్వాత బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. పాల్వంచ దాటాక అన్నది, "అన్నకు గూడ ఇదేనేమో బిడ్డా."

అన్నను నేను చూడలేదు. నేను పుట్టక ముందే, ఆరేళ్లకు పోయాడు. చంటిపిల్లాడప్పుడు చేతులు, కాళ్లు ఉబ్బేవట. ఏడ్చేవాడట. వడ్డె దగ్గరికి తీసుకుపోయారు, ఆర్ఎంపీ దగ్గరికి తీసుకుపోయారు. ఒకరోజు జ్వరం వచ్చింది, రెండో రోజుకు లేడు. ఫొటో లేదు. ఆస్పత్రి చీటీ లేదు. పుట్టిన తేదీ కూడా లేదు. "ఇప్పపూలు రాలే రోజుల్లో" అంటుంది అమ్మ, అంతే. వాడికేమైందో నాలుగు ముక్కలు ఎక్కడా రాసి లేవు.

నా చేతికి నోట్‌బుక్కు ఇప్పించింది ఒక డాక్టరమ్మ. "నొప్పి వచ్చినప్పుడల్లా రాసుకో. తేదీ, ఎక్కడ, పదికి ఎంత, ఎన్ని గంటలు, ఏం మందు వేసుకున్నావ్. వచ్చేటప్పుడు తీసుకురా," అన్నారు. రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్కు కొని, స్కేలు పెట్టి ఐదు గడులు గీశాను. మొదటి రెండేళ్లు అది రేషన్ షాపు రిజిస్టర్‌లాగే ఉంటుంది. తేదీ. ఎడమ మోకాలు. 7. తొమ్మిది గంటలు. ఇంజెక్షన్.

ఒకసారి ఆమె పేజీలు తిప్పుతూ, "ఎంతో రాశావు గానీ ఎట్లా ఉందో రాయలేదే?" అన్నారు. ఇంటికొచ్చి ఆరో గడి గీశాను.

ఆ గడి నింపడానికి చాలా రోజులు పట్టింది. మా ఇంట్లో కోయ మాటే. బడిలో తెలుగు. ఆస్పత్రిలో సగం ఇంగ్లీషు. ఏ భాషలో నొస్తోందో తెలియనట్టు ఉండేది. తర్వాత ఒక్కొక్క మాటే పోగు చేయడం మొదలుపెట్టాను. పక్క మంచం మీద ముసలమ్మ 'తీపులు' అంటుంది. పత్తి చేలకు పోయొచ్చిన పిన్ని కాళ్లు 'పీకుతున్నయ్' అంటుంది. పుండు 'సలుపుతుంది'. నరం 'గుంజుతుంది'. పన్ను 'జివ్వుమంటుంది'. నడుము 'కలుక్కుమంటుంది'. ఇవన్నీ ఒకటి కాదు. గుంజే నొప్పికి, పీకే నొప్పికి తేడా అనుభవించినవాళ్లకు తెలుసు. 1926లో వర్జీనియా వుల్ఫ్ అనారోగ్యం గురించి వ్యాసం రాస్తూ, ప్రేమ గురించి చెప్పడానికి తన భాషలో కావలసినన్ని మాటలున్నాయి గానీ తలనొప్పి గురించి చెప్పబోతే మాటలు దొరకవని వాపోయింది. ఆమె భాష సంగతి ఆమెకే తెలియాలి. మన దగ్గర మాటలకు కరువు లేదు. వాటిని ఆస్పత్రి చీటీ మీద రాసుకునేవాళ్లే లేరు.

ఫోనులో ఈ జబ్బు గురించి వెతుకుతుంటే ఘనా దేశపు డాక్టరు ఫెలిక్స్ కోనొటె-అహులు గురించి తెలిసింది. పాశ్చాత్య వైద్యం ఈ కొడవలి కణాలను మొదటిసారి వర్ణించింది 1910లో, షికాగోలో జేమ్స్ హెరిక్ అనే డాక్టరు. కానీ ఆయన పుట్టకముందే ఘనాలో ఈ జబ్బుకు పేర్లున్నాయి. గా భాషలో 'చ్వెచ్వీచ్వె'. ఫాంతే భాషలో 'న్వీవీ'. కొరికి, ఆగి, మళ్లీ కొరికే నొప్పి ఆ పేరు పలుకుతుంటేనే వినిపిస్తుంది. కోనొటె-అహులు తన కుటుంబంలోనే ఈ జబ్బు ఉన్నవాళ్లను 1670 దాకా వెనక్కి, పేర్లతో సహా గుర్తించాడు. అది చదివిన రోజు నాకు అన్న గుర్తొచ్చాడు. మూడొందల ఏళ్ల వెనకవాళ్ల పేర్లు వాళ్ల దగ్గరున్నాయి. ముప్పయ్యేళ్ల కిందటి పిల్లాడి పుట్టినరోజు మా దగ్గర లేదు.

2022 జూలైలో గోదావరి వచ్చింది.

మా ఊరు బూర్గంపాడు మండలంలో, నదికి దక్షిణపు ఒడ్డున. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఇక్కడి పిల్లలకు ఎక్కాలకంటే ముందు ఈ మూడు అంకెలు వస్తాయి. ఆ ఏడాది మూడో హెచ్చరిక దాటి ఆగలేదు. మమ్మల్ని ఒక బడికి తరలించారు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఆస్పత్రి అవతలి ఒడ్డున ఉంది.

తడిబట్టలతో, బండల మీద పడుకున్న రెండో రాత్రి తొడ ఎముకల్లో మొదలైంది. వరండాలో మగవాళ్లు ఫోన్లు చూస్తూ గంటగంటకూ నీటిమట్టం చెబుతున్నారు. "అరవై ఆరు." కాసేపటికి "అరవై ఏడు దాటిందంట." నా దగ్గర ఉన్నవి నాలుగు గోలీలు. అమ్మ నా కాళ్లు పట్టుకుని కూర్చుంది. నీళ్లు తాగమంటుంది. తాగితే మరుగుదొడ్డికి లేవాలి, లేవలేను. "డెబ్బై." ఎవరో ముసలాయన అన్నాడు, "పోటు మీదుందిరా, ఇప్పుడేం చూసినా లాభం లేదు. తీసేదాకా ఉండాల్సిందే."

పోటు. తలపోటు, పంటిపోటు, కత్తిపోటు. గోదారి పోటెత్తడం. ఆ మాటను ఎన్నోసార్లు విన్నాను, ఆరో గడిలో చాలాసార్లు రాశాను. నొప్పినీ వరదనీ మన భాష ఎప్పుడో ఒకే మాటతో పిలిచిందని ఆ రాత్రి దాకా నాకు తట్టలేదు. పదికి ఎంత అని అడిగినప్పుడు నేను చెప్పలేకపోయింది ఇదే. నొప్పి ఒక్కచోట నిలబడి ఉండదు. ఎగువ నుంచి వస్తుంది, ఒక్కో అడుగే ఎక్కుతుంది. ఎక్కేటప్పుడు ఎంత ఎక్కుతుందో తెలియని భయం నొప్పికంటే ముందు ఇంట్లోకొస్తుంది. తీసేటప్పుడు బురద వదిలిపోతుంది.

జూలై 16న నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986లో వచ్చిన 75.6 తర్వాత అంత వరద అదే. నాకు నాలుగో రోజుకు తీసింది. వెంటనే నోట్‌బుక్కు తీశాను. ఆరో గడి సరిపోలేదు. గీతలు దాటి, పేజీ దాటి రాసుకుంటూ పోయాను. కోడిపెట్టను బుట్టలో పెట్టుకుని దాన్ని వదలనని పోట్లాడిన అవ్వ, బ్లాక్‌బోర్డు మీద గంటగంటకూ అడుగులు రాసిన ఎనిమిదో తరగతి పిల్లాడు, పులిహోర ప్యాకెట్ల కోసం లైన్లో నిలబడి వియ్యానికి మాట కలుపుకున్న ఇద్దరు తండ్రులు. పన్నెండు పేజీలు. చాలా రోజుల తర్వాత తిరగేస్తే, ఆ పన్నెండు పేజీల్లో నంబర్ల గడి ఖాళీగా కనిపించింది. నొప్పి లేక కాదు. ఆ రోజుల్లోనూ చేతివేళ్లు పట్టేసి రెండు వాక్యాలకోసారి పెన్ను కింద పెట్టాను. నంబరు వేయడం మర్చిపోయానంతే.

భద్రాచలంలో పుట్టి పెరిగినవాళ్లకు రామదాసు గురించి ఒకరు చెప్పక్కర్లేదు. నేలకొండపల్లి మనిషి కంచర్ల గోపన్న, పాల్వంచ పరగణా తహసీల్దారు, సర్కారు సొమ్ముతో గుడి కట్టించి గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు ఉన్నాడు. మైకుల్లో విని విని చెవులకు అలవాటైపోయిన ఆయన పాటను వరద తర్వాత ఒకరోజు కొత్తగా విన్నాను. అది భక్తి కంటే ముందు ఒక లెక్కల పుస్తకం. ఎవరికి ఏ నగ చేయించాడో, దేనికెంత పడిందో వరసగా అప్పజెబుతాడు. కోపమొచ్చి దేవుడినే తిడతాడు. వెంటనే, దెబ్బలు కొడుతున్నారు కాబట్టి నోరు జారానని సర్దిచెప్పుకుంటాడు. తహసీల్దారు కదా, లెక్క రాయడమే ఆయనకు వచ్చిన విద్య. బాధ వచ్చినప్పుడు ఆ విద్యతోనే పాట కట్టాడు. నా ఐదు గడుల నోట్‌బుక్కును చూసి సిగ్గుపడటం ఆ రోజుతో మానేశాను.

ఒకటి రెండు రాసినవి అచ్చయ్యాక, "నొప్పే నిన్ను రచయితను చేసింది" అని కొందరు మంచి మనసుతోనే అంటున్నారు. నాకు ఆ మాట గిట్టదు. నొప్పి నాకు ఏడో తరగతి సగం పోగొట్టింది. నర్సింగు సీటు పోగొట్టింది. ఇష్టపడ్డ సంబంధం ఒకటి రక్తపరీక్ష కాగితం దగ్గర ఆగిపోయింది. నొప్పి ఉన్నప్పుడు నేను ఒక్క అక్షరం రాయలేను. అప్పుడు నాలో ఆలోచన ఉండదు, మూలుగే ఉంటుంది. రాసేదంతా అది తీశాక రాసేదే. రాయడం వల్ల ఒక్క కొడవలి కూడా గుండ్రంగా మారలేదు. మార్పేమైనా ఉంటే రోజూ వేసుకునే హైడ్రాక్సీయూరియా వల్ల, కడుపు పట్టనన్ని తాగే నీళ్ల వల్ల. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల్లో సికిల్ సెల్‌ను చేర్చింది. సర్టిఫికెట్ కోసం పోతే అక్కడా నొప్పికి శాతం కట్టాలి. ఆ శాతం నా నోట్‌బుక్కు చూసి ఎవరూ వేయరు.

మరి ఎందుకు రాస్తున్నట్టు? నా గురించి కాగితాలుండాలని. అన్నకు లేకుండా పోయినవి.

2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. మూడేళ్లలో నలభై ఏళ్లలోపువాళ్లు ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది లెక్క. అప్పటినుంచి మా వైపు గూడేల్లోనూ రక్తం తీస్తున్నారు, కార్డులిస్తున్నారు. పోయిన వానాకాలం మందుల కోసం పోయినప్పుడు నా పక్కన చర్ల వైపు నుంచి వచ్చిన తల్లీకూతుళ్లు కూర్చున్నారు. పిల్లకు పద్నాలుగేళ్లుంటాయి. చేతిలో కొత్త కార్డు. పెదాలు బిగపట్టుకుని ఉంది. లోపలికి పోయొస్తే పదికి ఎంత అని అడిగారంట, తెలియదని చెప్పిందంట. బయట కూర్చోమన్నారు.

నాకు తెలిసిన విద్య కదా, చెప్పబోయాను. "గోదారి లెక్కన చెప్పు చెల్లీ. మొదటి హెచ్చరికా, రెండోదా, మూడోదా?"

నా వంక వింతగా చూసింది. "మా గూడెం దాకా గోదారి రాదక్కా. గుట్ట మీద ఉంటం."

ఏమనాలో తెలియక ఊరుకున్నాను. కాసేపాగి తనే మెల్లగా చెప్పింది. "రోట్లో దంచినట్టుందక్కా. ఒక్కరు కాదు, ఇద్దరు. ఒకరు ఎత్తంగనే ఇంకొకరు ఏస్తరు చూడు, అట్ట. మజ్జెల సందు లేదు."

ఓపీ చీటీ వెనక్కి తిప్పి, ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టు రాశాను. తేదీ వేశాను. తల్లి చేతికిచ్చి, మళ్లీ లోపలికి పోయి ఇది చూపించమన్నాను. డాక్టరు చీటీ తిప్పి చదవడం తలుపు సందులోంచి కనిపించింది. మళ్లీ ఒకసారి చదివి, నర్సును పిలిచి మంచం చూడమన్నారు.

పిల్ల పోతూ పోతూ నా పెన్ను తీసుకుపోయింది. నేను అడగలేదు.