ముగ్గురు వేగులవారు

రామాయణమున యుద్ధకాండలో ఒక చిన్న కథ కలదు. వానరసేన సముద్రమును దాటి లంకకు చేరినదని విని రావణుడు తన మంత్రులగు శుకసారణులను వేగు చూచి రమ్మని పంపెను. వారు వానరరూపములు ధరించి సేనలో కలిసిపోయి, వచ్చిన యోధులెందరో లెక్కింప నారంభించిరి. విభీషణుడు వారిని గుర్తించి, పట్టుకొని, రాముని యెదుట నిలిపెను. తమ ప్రాణములు దక్కవని వారు వణకిపోయిరి. రాముడు నవ్వెను. చూడవలసినదంతయు చూచియున్నచో సుఖముగా మరలిపొమ్మనియు, చూడనిది మిగిలియున్నచో విభీషణుడే చూపగలడనియు చెప్పి వారిని విడిపించెను.

ఈ కథ వినిన బాలునకు మొదట విభీషణుని సూక్ష్మదృష్టి ఆశ్చర్యము కలిగించును. అంతటి వానరసమూహములో ఇరువురు మాత్రము వానరులు కారని అతడెట్లు కనిపెట్టెను? కాని కొంత వయసు వచ్చిన పిమ్మట ఆ కథలో జ్ఞాపకముండునది రాముని నవ్వు. వేగు కథలన్నింటను ఈ రెండు రుచులును కలవు. శత్రువును కనిపెట్టుట మొదటిది. కనిపెట్టిన శత్రువును ఏమి చేయవలయునను ప్రశ్న రెండవది.

తెలుగునాట కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధరును, అతని సహాయకుడు రాజును, మధుబాబు సృష్టించిన షాడోను ఎరుగని నవలాప్రియులు అరుదు. అట్టి పుస్తకములను అద్దెకు తెచ్చుకొని, లెక్కల పుస్తకము నడుమ దాచి చదివి, పెద్దలచేత చీవాట్లు తినిన బాలురు ఎందరో కలరు. పెద్దల మందలింపు నిష్కారణమైనది కాదు. వానిలో తుపాకిమ్రోతలే గాని మనుష్యుడు కనబడడని వారి భయము. ఆ భయము ఎంతవరకు నిజమో తెలిసికొనుటకు ఇంగ్లీషు భాషలో మిగుల ప్రసిద్ధికెక్కిన ముగ్గురు వేగులవారిని ఒకచోట నిలిపి చూచుట మంచిది. వారు రిచర్డ్ హానే, జేమ్స్ బాండ్, జార్జ్ స్మైలీ.

హానేను సృష్టించినవాడు జాన్ బకన్. అతడు 1875లో స్కాట్లండున జన్మించెను. 1914లో మొదటి ప్రపంచయుద్ధము ఆరంభమైనప్పుడు అతడు కడుపులో పుండుతో బాధపడుచు మంచము పట్టియుండెను. తోటివారు సైన్యములో చేరుచుండగా అతడు పడుకొని కథ వ్రాయుచుండెను. ఆ కథయే ‘ది థర్టీ నైన్ స్టెప్స్’, అనగా ‘ముప్పది తొమ్మిది మెట్లు’. అది 1915లో వెలువడెను. కందకములలోని సైనికులు సైతము దానిని ఆదరముతో చదివిరి. హానే నాయకుడుగా బకన్ 1936 వరకు ఐదు నవలలు వ్రాసెను.

హానే గనులలో పనిచేసిన ఇంజనీరు. దక్షిణాఫ్రికాలో ధనము సంపాదించి లండను నగరమునకు వచ్చి, తోచుబడి కాక విసిగియుండెను. ఒకనాడు స్కడర్ అను అపరిచితుడు వచ్చి తన ప్రాణమునకు అపాయము కలదని చెప్పి అతని యింట తలదాచుకొనెను. కొలది దినములలోనే ఆ యింటిలో అతడు కత్తిపోటుచేత చచ్చిపడియుండెను. హంతకులు ఒకవైపు, పోలీసులు ఒకవైపు తరుముచుండగా, హానే పాలు పోయువాని వేషమున ఇల్లు వెడలి స్కాట్లండు కొండలకు పారిపోయెను.

ఆ కొండలలో జరిగిన ఒక సంఘటన మరువరానిది. దాగుటకు చెట్టైనను లేని బయలులో హానేకు రోడ్డు మరమ్మతు చేయు ముసలి కూలివాడు ఒకడు కనబడెను. కుమార్తె పెండ్లి సంబరములో అతిగా త్రాగి, తలనొప్పిచేత అతడు పని చేయలేక మూలుగుచుండెను. నీ పని నేను చేసెదనని చెప్పి హానే అతనిని ఇంటికి పంపి, ముఖమునకును చేతులకును దుమ్ము పులుముకొని, రాళ్లు కొట్టుచు కూర్చుండెను. ఇంతలో శత్రువులు మోటారుకారులో వచ్చి ప్రశ్నింపసాగిరి. వారిలో ఒకని చూపు హానే బూట్లపై పడెను. అవి పల్లెటూరి పనివాడు కుట్టినవి కావు. వేటకు వచ్చిన దొర ఒకడు వానిని తనకిచ్చెనని హానే తడుముకొనక బదులు చెప్పెను. శత్రువులు నమ్మి పోయిరి. మారువేషమనగా గడ్డము అంటించుకొనుట కాదనియు, తాను ధరించిన పాత్రయే తానని తన మనస్సును నమ్మించుకొనుట యనియు హానే పూర్వము ఆఫ్రికాలో నేర్చియుండెను. వర్తకుడుగా, తాపసుడుగా, గృహస్థుడుగా మెలగుచు వార్తలు సేకరించు చారులను గూర్చి కౌటిల్యుని అర్థశాస్త్రము చెప్పుచున్నది. ఆ విద్యయే ఈ కథలో రాళ్లు కొట్టుచున్నది.

ఇది కనిపెట్టుటయు, కనిపెట్టబడకుండుటయు అను మొదటి రుచి. రెండవ రుచి బకన్ 1916లో ప్రకటించిన ‘గ్రీన్‌మాంటిల్’ అను నవలలో కలదు. యుద్ధము సాగుచుండగా హానే మారువేషమున జర్మనీలో ప్రవేశించెను. మంచు కురియు అడవిలో అతనికి మలేరియా జ్వరము వచ్చెను. ఒక పేద జర్మను స్త్రీ అతనిని తన గుడిసెలో పడుకొనబెట్టి కాపాడెను. ఆమె భర్త యుద్ధమునకు పోయియుండెను. ఇంట చిన్న పిల్లలు, చాలీచాలని తిండి. అంతవరకు జర్మనులందరును అగ్నికి ఆహుతి కావలెనని కోరిన హానే, ఆ గుడిసెలో కోలుకొనుచు ఆ కోరికను విడిచిపెట్టెను. అట్టి తల్లుల ఇండ్లను కాల్చి సాధించు విజయము అతనికి అసహ్యముగా తోచెను.

యుద్ధము ముగిసిన పిమ్మట ఇట్టి మాట వ్రాయుట సులభము. బకన్ యుద్ధము నడుమ వ్రాసెను. మరుసటి సంవత్సరము, 1917 ఏప్రిల్ 9వ తేదీన, ఫ్రాన్సులోని ఆరాస్ యుద్ధమున అతని తమ్ముడు ఆలస్టర్ మరణించెను. ‘ముప్పది తొమ్మిది మెట్లు’ ఎవనికి అంకితమో ఆ మిత్రుడు టామస్ నెల్సన్ కూడ అదే దినమున అచ్చటనే హతుడయ్యెను. ఆ దుఃఖమును తలచుకొని మరల ఆ గుడిసె ఘట్టమును చదివినచో దాని విలువ రెట్టింపగును.

జేమ్స్ బాండ్ వేరు తరమువాడు. అతనిని సృష్టించిన ఇయాన్ ఫ్లెమింగ్ రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటిషు నౌకాదళ గూఢచారిశాఖలో అధిపతికి సహాయకుడుగా పనిచేసెను. యుద్ధానంతరము జమైకా ద్వీపమున ఇల్లు కట్టుకొని ఏటేట చలికాలము అచ్చట గడపుచుండెను. ఆ ద్వీపముల పక్షులను గూర్చి అమెరికా పక్షిశాస్త్రజ్ఞుడు ఒకడు వ్రాసిన గ్రంథము అతనియొద్ద ఉండెను. ఆ శాస్త్రజ్ఞుని పేరు జేమ్స్ బాండ్. ఆర్భాటము లేని ఆ పేరును ఫ్లెమింగ్ తన నాయకునకు పెట్టెను. తొలి నవల ‘కాసినో రాయల్’ 1953లో వెలువడెను. 1964లో ఫ్లెమింగ్ మరణించెను. అతని చేతినుండి మొత్తము 12 నవలలును 2 కథాసంపుటములును వచ్చెను.

చలనచిత్రముల మూలమున బాండు పేరు లోకమంతట వ్యాపించెను. వేగము, విలాసము, విచిత్రమైన ఆయుధములు, ఇవియే అతడని పలువురు తలతురు. శత్రువును చంపుటకు ప్రభుత్వము అనుమతి ఇచ్చిన రహస్యోద్యోగి అతడు. 007 అను సంఖ్యలో మొదటి రెండు సున్నలకు అర్థమదియే. కాని ఫ్లెమింగ్ వ్రాసిన చిన్న కథ ‘ది లివింగ్ డేలైట్స్’ చదివినవారికి మరియొక బాండు కనబడును. అది 1962లో అచ్చయ్యెను.

తూర్పు బెర్లిను నుండి బ్రిటిషు చారుడొకడు సరిహద్దు దాటి పడమటికి పరుగెత్తి రావలసియున్నది. అతనిని కాల్చుటకు శత్రువులు గురికాడు ఒకనిని నియమించిరి. ఆ గురికాడు తుపాకి పేల్చకముందే వానిని చంపుట బాండునకు అప్పగించిన పని. చీకటి గదిలో, కిటికీ చెంత, తుపాకి చేతబట్టి అతడు మూడు సాయంకాలములు కాచుకొనియుండెను. ఎదుటి భవనమునకు ప్రతిదినము వాద్యబృందపు స్త్రీలు వచ్చి పోవుచుండిరి. వారిలో సెల్లో అను పెద్ద వాద్యము మోసికొని నవ్వుచు నడచు యువతిని చూచుట అతనికి ఆ నిరీక్షణలో ఒక్కటే ఊరట. మూడవ సాయంకాలము చారుడు పరుగెత్తివచ్చెను. ఎదుటి కిటికీలో తుపాకి కనబడెను. దానిని పట్టుకొనినది ఆ సెల్లో యువతియే!

బాండు క్షణకాలము తడబడి, గురి మార్చి, ఆమెను గాక ఆమె తుపాకిని కొట్టెను. చారుడు క్షేమముగా దాటెను. ప్రక్కనున్న అధికారి ఆజ్ఞ ఉల్లంఘించితివని కోపించెను. తన సంఖ్య పోయినను విచారము లేదని బాండు బదులు పలికెను. ఆ క్షణకాలపు తడబాటువలన స్వపక్షపు మనుష్యుని ప్రాణము పోయియుండెడిది గదా యని చదువరి అడుగవచ్చును. ఆ అధికారి కోపములోను న్యాయము కలదు. ఫ్లెమింగ్ ఆ న్యాయమును దాచలేదు.

మూడవవాడు స్మైలీ. బాండు ఎట్టివాడో ఇతడు అట్టివాడు కాడు. పొట్టివాడు, లావైనవాడు, కొలతకు కుదరని దుస్తులు ధరించువాడు. కళ్లజోడును మెడకు కట్టుకొనిన టై కొసతో తుడుచుకొనుట అతని అలవాటు. భార్య ఆన్ అతనిని పలుమారులు విడిచిపోయెను. పాత జర్మను కవిత్వము చదువుకొనుట అతనికి ప్రీతి. అతనిని సృష్టించిన జాన్ లె కారే అసలు పేరు డేవిడ్ కార్న్‌వెల్. అతడు నిజముగనే బ్రిటిషు రహస్యశాఖలలో పనిచేసినవాడు. 1961లో బెర్లిను నగరము నడుమ గోడ లేచినప్పుడు అతడు జర్మనీలో ఉద్యోగమున ఉండెను. స్మైలీ తొలి కథ ‘కాల్ ఫర్ ది డెడ్’ ఆ సంవత్సరమే వెలువడెను. కడపటి సారి అతడు కనబడినది 2017లో వచ్చిన నవలలో. లె కారే 2020లో కాలధర్మము నొందెను.

స్మైలీ ఆయుధము ఓర్పు. పాత కాగితములు చదువుట, మరచిపోయిన మాటలను మనుష్యులచేత మెల్లగా చెప్పించుట, చెప్పినదానిలో చెప్పనిదానిని వినుట అతని విద్య. అతని ప్రతిపక్షి కార్లా అను సోవియట్ గూఢచారినాయకుడు. వారి తొలి సమావేశము ఢిల్లీ జైలులో జరిగినట్లు కథ. మాస్కోకు మరలిపోయినచో చంపుదురని, తమ పక్షమునకు రమ్మని, స్మైలీ గంటలకొలది బోధించెను. కార్లా ఒక్క మాటయు పలుకలేదు. ఆన్ కానుకగా ఇచ్చిన సిగరెట్టు లైటరును స్మైలీ అతనికి అందించెను. కార్లా దానితో కూడ వెడలిపోయెను.

1979లో వచ్చిన ‘స్మైలీస్ పీపుల్’ అను నవలలో ఆ కథ ముగియును. పిడుగుపడినను చలింపడని కార్లాకు ఒక కుమార్తె కలదనియు, మతి చెదిరిన ఆ బాలికకు స్విట్జర్లండులో రహస్యముగా వైద్యము చేయించుచున్నాడనియు స్మైలీ కనిపెట్టెను. ఆ రహస్యమును పట్టుకొని కార్లాకు జాబు వ్రాసెను. కుమార్తె క్షేమము కొరకు కార్లా తన పదవిని, దేశమును, జీవితకాలపు విశ్వాసమును విడిచి, మంచు పడుచున్న రాత్రి, బెర్లినులో ఒక వంతెనపై ఒంటరిగా నడచివచ్చెను. స్మైలీ యెదుట నిలిచి ఆ లైటరును నేలపై జారవిడిచెను. స్మైలీ దానిని చూచెను, తీసికొనలేదు. తోటివారు నీవు గెలిచితివనిరి. అతని ముఖమున సంతోషము లేదు.

సంతోషమెట్లుండును? శత్రువులోని క్రౌర్యమును గాక, శత్రువులోని ప్రేమను పట్టుకొని అతడు గెలిచెను. కార్లా ఇంతకాలము ఇతరులపై ప్రయోగించిన ఉపాయమునే స్మైలీ కార్లాపై ప్రయోగించెను. ఆ వంతెనపై తండ్రియై నడచివచ్చినవాడు శత్రువు. కాచుకొని చూచినవాడు నాయకుడు. ఇరువురిలో ఎవరు గొప్పవారను ప్రశ్న చదువరిని పుస్తకము మూసిన పిమ్మటను విడువదు.

ముగ్గురును శత్రువును కనిపెట్టిరి. హానే పేద తల్లి గుడిసెలో తన పగను విడిచెను. బాండు ఉద్యోగము పోయినను సరే యని గురి మార్చెను. స్మైలీ దయ చూపలేదు. ఆ వెలితిని తానే ఎరిగి తల వంచుకొనెను. ముగ్గురిలో అతని కథయే మిక్కిలి బరువైనది. బలవంతుడగు రాముడు నవ్వి విడిచిపెట్టగలిగెను. అంతటి బలము లేని సామాన్యునకు దయ ఎంత కష్టమో స్మైలీ కథ తెలుపును.

లెక్కల పుస్తకము నడుమ దాచి చదువు బాలుడు మొదటిసారి కథ ఎట్లు ముగియునో యని పుటలు త్రిప్పును. అతడు లెక్కలు ముగించిన పిమ్మట అదే పుస్తకమును దాచకుండ తెరచి, రెండవసారి చదువవలెను. నాయకుడు శత్రువును ఎట్లు పట్టుకొనెనో అప్పటికి తెలిసియే యుండును. పట్టుకొనిన పిమ్మట శత్రువు ముఖమును అతడు ఎట్లు చూచెనో అప్పుడు కనబడును.