ఎగిరేవాడి గుట్టు

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి

మా భౌతికశాస్త్రం పుస్తకంలో రాడార్‌కు దక్కిన చోటు ఒకటిన్నర పేజీ. అందులో సగం బొమ్మే. "పరీక్షలో రాదు, వదిలెయ్" అని సీనియర్లు సలహా కూడా ఇచ్చారు. పరీక్షలో రాదన్నందుకే ఆసక్తి పుట్టిందేమో, రెండేళ్లుగా దాని గురించి దొరికిందల్లా చదువుతున్నాను. సావనీర్‌కు ఏదైనా వ్రాసిమ్మని యూనియన్ మిత్రులు అడిగారు. ప్రేమ గురించీ, నిరుద్యోగం గురించీ వ్రాసేవాళ్లు ఎలాగూ ఉంటారు గదా, నేను విమానాల జోలికి పోతానన్నాను.

ఇంతవరకూ విమానం ఎక్కినవాణ్ణి కాను. ఆ మాట ముందే చెప్పుకోవడం మంచిది. మాది పల్నాడులో మిరప, పత్తి పండించే ఊరు. మాకు విమానమంటే తలెత్తి చూసేదే. అయితే రాడార్ సంగతి అర్థం కావడానికి విమానం ఎక్కనక్కర్లేదు. రాత్రిళ్లు చేను కాపలా కాసినవాడికి అది తేలిగ్గానే బోధపడుతుంది.

కాపుకొచ్చిన మిరపచేలో ఏదో అలికిడైందనుకోండి. మా నాన్న టార్చిలైటు వేస్తాడు. వెలుతురు దేనికో తగిలి మెరిస్తే అక్కడ ఏదో ఉన్నట్టు. మనిషో, అడవిపందో, మనం పెట్టిన దిష్టిబొమ్మో వెంటనే తేలదు. ప్రైమరీ రాడార్ చేసేది ఇంతే. రేడియో తరంగాన్ని పంపి, అది తగిలి తిరిగిరావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం చెబుతుంది. యాంటెన్నా ఎటు తిరిగి ఉన్నదో దాన్ని బట్టి దిక్కు చెబుతుంది. పేరు చెప్పదు. విమానాశ్రయాల్లో తిరిగే రకం ఎత్తూ చెప్పదు. పైగా దూరం రెట్టింపైతే తిరిగొచ్చే శక్తి పదహారో వంతుకు పడిపోతుంది. పోయేటప్పుడూ చెదరాలి, వచ్చేటప్పుడూ చెదరాలి మరి.

రెండో పద్ధతి "ఎవర్రా అదీ?" అని కేకెయ్యడం. సెకండరీ రాడార్ 1030 మెగాహెర్ట్జ్ మీద అడుగుతుంది. విమానంలో ఉన్న ట్రాన్స్‌పాండర్ 1090 మీద బదులు చెబుతుంది: నాలుగంకెల కోడు, తానున్న ఎత్తు. ఆ అంకెలు సున్నా నుంచి ఏడు దాకానే గనుక మొత్తం 4096 కోడులు. వాటిలో 7700 అంటే ఆపదలో ఉన్నానని, 7600 అంటే రేడియో పోయిందని, 7500 అంటే విమానాన్ని హైజాక్ చేశారని అర్థం.

ఎత్తు తెలియకపోవడం ఎంత ఘోరమో మన దేశమే చూచింది. 1996 నవంబరు 12 సాయంత్రం ఢిల్లీ నుంచి పైకి లేస్తున్న సౌదీ బోయింగ్ 747, ఢిల్లీకి దిగుతున్న కజకిస్తాన్ ఇల్యూషిన్ హర్యానాలో చర్ఖీ దాద్రీ దగ్గర ఆకాశంలో ఢీకొన్నాయి. రెండింటిలోనూ ఉన్న 349 మందీ పోయారు. సౌదీ విమానం 14,000 అడుగుల దగ్గర, కజక్ విమానం 15,000 అడుగుల దగ్గర ఉండాలని కంట్రోలర్ ఆదేశించాడు. ఎదురుగా విమానం వస్తోందని కజక్ పైలట్లకు హెచ్చరిక కూడా చేశాడు. వాళ్లు తమకిచ్చిన ఎత్తు కంటే కిందికి దిగిపోయారు. ఆనాడు ఢిల్లీ కంట్రోలర్ ముందున్నది ప్రైమరీ రాడార్. తెర మీద రెండు చుక్కలు దగ్గరవుతుంటే, అవి ఒకదాని పైనుంచి ఒకటి పోతున్నాయో, ఒకదాని మీదికి ఒకటి పోతున్నాయో అతనికి ఆ చుక్కలు చెప్పలేవు. పైలట్ నోటిమాటే ఆధారం. తరువాత ఢిల్లీకి సెకండరీ రాడార్ వచ్చింది. విమానాలు తమలో తాము పలకరించుకుని తప్పుకునే పరికరం మన ఆకాశంలో తప్పనిసరి అయింది. ఎప్పుడూ ఇంతే, చేను మేసిపోయాక కంచె.

ఇహ మూడో పద్ధతి. ఇందులో టార్చీ లేదు, కేకా లేదు. ఆవు మెడలో గంట కట్టినట్టే. విమానం తానెక్కడున్నదో జీపీఎస్ ద్వారా తెలుసుకుని, ఎవరూ అడగకుండానే, సెకనుకు రెండుసార్ల చొప్పున చాటుకుంటూ పోతుంది. దీనికి ఏడీఎస్-బీ అని పొట్టి పేరు. అమెరికాలో రద్దీగా ఉండే ఆకాశంలో చాలామేరకు 2020 జనవరి 1 నుంచి ఇది తప్పనిసరి. రాడార్ పెట్టుకునే తాహతు లేని చిన్న విమానాశ్రయాలకు ఇది గొప్ప వరం. కొండల మధ్య చిన్న రన్‌వే మీద దిగేవాడికి, అదే రన్‌వే మీదికి వస్తున్న ఇంకొకడు తన ముందున్న తెర మీదే కనిపిస్తాడు. ఈ గంట వినడానికి గుమ్మటాలూ, కోట్ల రూపాయల యంత్రాలూ అక్కర్లేదు. టీవీ చూసుకోవడానికి అమ్మిన చౌక డాంగిల్ ఇలాంటి రేడియో రిసీవర్‌గా పనికొస్తుందని 2012 ప్రాంతంలో ఔత్సాహికులు కనిపెట్టారు. 35,000 అడుగుల ఎత్తున పోయే విమానం, కొండలూ మేడలూ అడ్డు లేకపోతే, 400 కి.మీ. అవతలి నుంచి వినబడుతుంది. ఆ పైన భూమి గుండ్రమే అడ్డం. ఇలా విన్నవాళ్లు వేలాదిమంది తమ డబ్బాల్లో పడినదాన్ని ఒకచోట పోగేశారు గనుకనే మన సెల్‌ఫోనులో పసుపుపచ్చ విమానాల బొమ్మలు కదులుతున్నాయి.

గంటతో ఒక చిక్కుంది. ఆవు ఎక్కడుందో ఆసామికి తెలుస్తుంది, దొంగకూ తెలుస్తుంది. ఏ దేశం విమానం గంట ఏ దేశం వాడికైనా వినబడాలి గనుక ఇందులో రహస్యలిపి పెట్టలేదు. ఒక్కొక్క విమానానికి 24 బిట్ల సంఖ్య ఒకటి ఉంటుంది. ప్రపంచం మొత్తానికి అలాంటివి 1,67,77,216. మన దేశం వాటాకు 2,62,144 వచ్చాయి. అమెరికాలో ఆ సంఖ్య పట్టుకుని ప్రభుత్వ రిజిస్టరు తిరగేస్తే యజమాని పేరూ, చిరునామా దొరికేవి.

దీన్ని లోకానికి తెలియజెప్పినవాడు ఫ్లోరిడాలో చదువుకునే ఒక కుర్రవాడు, సుమారు నా ఈడువాడే. ఎలాన్ మస్క్ సొంత విమానం ఎక్కడ లేచిందో, ఎక్కడ దిగిందో ట్విట్టర్‌లో ప్రకటిస్తూ వచ్చాడు. ఆపమని మస్క్ 5,000 డాలర్లు ఇస్తానంటే ఇతగాడు 50,000 అడిగాడట. బేరం కుదరలేదు. 2022లో మస్క్ ట్విట్టర్‌నే కొన్నాడు. ఆ డిసెంబరులో కుర్రవాడి ఖాతా మూతబడింది. మా హాస్టల్లో ఈ సంగతి మీద అర్ధరాత్రి దాకా వాదన జరిగింది. కుబేరుడికి గుట్టేమిటన్నారు మావాళ్లు. నాకూ ఆ మాట సగం నచ్చింది. 2001 తర్వాత సీఐఏ ఖైదీలను రహస్యంగా దేశాలు దాటించిన విమానాల జాడ బయటపడిందంటే, విమానాశ్రయం కంచె బయట నిలబడి తోక మీది నంబర్లు వ్రాసుకునే ఔత్సాహికుల పుస్తకాలు కూడా అందుకు పనికొచ్చాయి. గంటలన్నీ మూగబోతే అలాంటివి ఎవరికి తెలుస్తాయి?

కాని ఆకాశంలో అందరూ కుబేరులు కారు. అమెరికాలో పాత నాలుగు సీట్ల విమానం కొనుక్కుని ఆదివారాలు ఎగిరే బడిపంతుళ్లున్నారు, రైతులున్నారు. పైలట్ శిక్షణలో ఉన్నవాడు చక్రాలు నేలకు ఆనించి మళ్లీ లేవడం రోజుకు పదిసార్లు సాధన చెయ్యాలి. ఢీకొనకుండా కాపాడడానికని అతనిచేత మోగించిన గంటనే విని, దిగినప్పుడల్లా ఫీజు లెక్కగట్టి ఇంటికి బిల్లు పంపడం కొన్ని విమానాశ్రయాలు మొదలుపెట్టాయి. అలా చెయ్యకూడదంటూ 2025లో అమెరికా కాంగ్రెసులో బిల్లు పెట్టారు. 2024లో వచ్చిన చట్టం ప్రకారం సొంత విమానం ఉన్నవాళ్లు తమ పేరూ చిరునామా జనానికి కనబడకుండా దాచమని కోరవచ్చు. రిజిస్టరులో యజమానికి ముడిపడని వేరే సంఖ్య ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. ఇవన్నీ ఎంతవరకు పనిచేస్తాయో అనుమానమే. రోజూ ఒకే షెడ్డులోంచి లేచే విమానానికి నంబరు మార్చితే మాత్రం ఊరివాళ్లు పోల్చుకోరా?

అక్కడి పైలట్ల భయం నాకు పుస్తకాల్లో కంటే మా అన్నయ్య దగ్గర బాగా అర్థమైంది. వాడు లారీ డ్రైవరు. మొదట్లో తోలిన లారీకి ఓనరు జీపీఎస్ పెట్టె బిగించాడు. దొంగల భయమని చెబితే డ్రైవర్లు సంతోషించారు కూడా. మూడో నెలనుంచి జీతంలో కోతలు మొదలు. హోటల్ దగ్గర నలభై నిమిషాలెందుకు ఆగింది, మా ఊరి అడ్డరోడ్డు దగ్గర పావుగంట ఎందుకు ఆగింది? అడ్డరోడ్డు దగ్గర ఆగింది మా అమ్మ ఇచ్చిన అన్నం క్యారియర్ అందుకోవడానికి. చివరికి డ్రైవర్లందరూ ఒక విద్య నేర్చారు. వినుకొండ దాటగానే ఫ్యూజు పీకెయ్యడం. ఒక వానాకాలం సాయంత్రం నల్లమల ఘాట్‌లో యాక్సిల్ విరిగి లారీ రోడ్డుకు అడ్డం పడింది. ఫోనుకు సిగ్నల్ లేదు. ఓనరు పంపిన మనుషులు తెల్లవార్లూ వినుకొండ చుట్టుపక్కల వెతికారు, పెట్టె చివరిసారి చూపింది అక్కడే గనుక. అన్నయ్యా, క్లీనరూ రాత్రంతా మలుపుకు ఇటొకడు అటొకడు నిలబడి, వచ్చే బండ్లకు టార్చి ఊపుతూ గడిపారు.

లారీ ఫ్యూజు పీకితే ఎదుటి బండివాడికి టార్చి అన్నా కనబడుతుంది. మేఘంలో అదేమీ లేదు. అమెరికాలో రద్దీ లేని ఆకాశంలో తిరిగే చిన్న విమానాలకు ఈ గంట తప్పనిసరి కాదు. కట్టుకుంటే బిల్లు వస్తుందని తెలిసినవాడు డబ్బు పోసి ఎందుకు కట్టుకుంటాడు? కట్టుకోకపోతే నష్టపోయేది వాడొక్కడే కాదు, ఎదురుగా వచ్చేవాడు కూడా. విమానం ఎక్కడున్నదీ అందరికీ తెలియాలి, సందేహం లేదు. అందులో ఉన్నదెవరు, ఎవరింటికి పోతున్నాడు, ఎన్నిసార్లు దిగాడన్నది మాత్రం వేరే సంగతి. ఆ రెండింటినీ ఒకే ముడి వేసినవాళ్లే గంటను పాడుచేస్తున్నారని నా ఉద్దేశం. సర్కారు విమానాలకూ, కుబేరుల విమానాలకూ ఇదే నియమం వర్తించాలా అంటే, నాకు మనసొప్పదు. కాని ఏ గంట కుబేరుడిదో, ఏ గంట బడిపంతులిదో రేడియో తరంగానికి తెలియదు గదా. మా హాస్టల్ వాదన అక్కడే ఆగింది.

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు ఇదంతా అన్నయ్యకు చెప్పాను. ఇప్పుడు వేరే ఓనరు దగ్గర తోలుతున్నాడు. పెట్టె ఉంది గాని కోతలు లేవు, ఫ్యూజూ పీకడం లేదు. కోరితే వేరే నంబరు ఇస్తారన్న దగ్గర మాత్రం నన్నాపి మళ్లీ చెప్పించుకున్నాడు.

"మా లారీక్కూడా అట్లాంటి నంబరోటి ఇప్పించగూడదంట్రా? ఆర్టీవో ఆఫీసులో కనుక్కో" అన్నాడు.