“బాలేదు” అంటే “ఎందుకు?” అని అడగండి



ఇంగ్లిష్ పీరియడ్‌లో కథ గురించి అడిగితే మా పదో తరగతి పిల్లలు గైడులో ఉన్నదే అప్పజెబుతారు. లంచ్ బ్రేక్‌లో మాత్రం ‘స్టార్‌ఫీల్డ్’ అనే అంతరిక్ష వీడియో గేమ్ మీద సొంత మాటల్లో వాదించుకుంటారు. అన్నలు ఆడుతుంటే పక్కన కూర్చుని చూసినవాళ్లే ఎక్కువ.

2023లో వచ్చిన ఆ ఆటకు 2024 సెప్టెంబరు 30న ‘షాటర్డ్ స్పేస్’ పేరుతో అదనపు కథ విడుదలైంది. “దాదాపు ఒకే గ్రహం మీద నడిచింది, అందుకే కథ చిక్కగా ఉంది” అని ఒకరు. “మన నిర్ణయాలతో పెద్దగా ఏమీ మారలేదు, పెట్టిన డబ్బుకు కథ చిన్నది” అని ఇంకొకరు. స్థలం, పాత్ర, ముగింపు... మేము బోర్డు మీద రాసే అంశాలే ఇవి!

ఇలాంటి మాటలకు విలువుంది. 2012లో ‘మాస్ ఎఫెక్ట్ 3’ అనే మరో అంతరిక్ష ఆట ముగింపు నచ్చలేదని ఆటగాళ్లు గట్టిగా చెబితే, అదే ఏడాది జూన్‌లో ఆ సంస్థ ముగింపును విస్తరించి ఉచితంగా ఇచ్చింది.

ఈ రెండు ఆటలకూ అమెరికాలో 17 ఏళ్లు నిండినవారికే అనే రేటింగ్ ఉంది. ఇంట్లో ఎవరు ఆడుతున్నారో ముందు చూసుకోండి. మన విశాఖలో స్టీల్‌ప్లాంట్, పోర్టు షిఫ్టులు చేసి అలసిపోయి వస్తారని తెలుసు. అయినా పిల్లలు “బాలేదు” అన్నప్పుడు “ఎందుకు?” అని ఒక్కసారి అడగండి. జవాబు తెలుగులో చెప్పినా సరే. దాన్ని ఇంగ్లిష్‌లో రాయించడం మా పని.