చెంబు, స్టవ్వు, ఒక ఫారము

నేను మెట్రిక్యులేషను మాత్రము చదివినవాడను. బరంపురములో 34 ఏండ్లు గుమాస్తా పని చేసి విరమించితిని. పుస్తకములను గూర్చి వ్రాయుటకు ఇతనికేమి అర్హత యని మీరు తలపవచ్చును. ఒక పుస్తకము నాచేత నా తప్పును ఒప్పించినది గనుక వ్రాయుచున్నాను.

రెండేండ్ల క్రిందట మా అబ్బాయి నాలుగు బర్నర్ల గ్యాసు స్టవ్వు కొని పంపినాడు. బర్నర్లు రెండు వరుసలుగా నున్నవి. వానిని త్రిప్పు నాబులు మాత్రము నాలుగును ముందువైపు ఒకే వరుసలో నున్నవి. నాటినుండి మా యింట పాలు పొంగిపోని దినము అరుదు. నా భార్య పాల క్రింద మంట తగ్గింపబోయి పప్పు క్రింద తగ్గించెడిది.

"నలభై ఏళ్లుగా వంట చేస్తున్నావు, ఏ పొయ్యికి ఏ నాబో ఇంకా తెలియదా?" అని నేను.

"ముసలిదాన్నయ్యానండీ, బుర్ర పనిచేయడం లేదు" అని ఆమె. ఆ మాటను ఆమె నిజముగానే నమ్మసాగినది.

సంక్రాంతికి వచ్చిన అబ్బాయి ఒక ఇంగ్లీషు పుస్తకమును ఇంట మరచిపోయినాడు. పేరు 'ది డిజైన్ ఆఫ్ ఎవ్రీడే థింగ్స్'. డోనాల్డ్ నార్మన్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు వ్రాసినది. 1988లో వేరొక పేరుతో మొదట వెలువడినది. నిఘంటువు ప్రక్కన నుంచుకొని నెల దినములు చదివితిని. అందులో మా స్టవ్వే యున్నది! పొయ్యిలు చతురస్రముగను నాబులు వరుసగను ఉన్నచో ఎవరైనను తడబడుదురనియు, తలుపును త్రోయవలెనో లాగవలెనో తెలియక నిలిచినవానిది కాదు, ఆ తలుపును అట్లు చేసినవానిదే లోపమనియు ఆయన వాదము.

ఈపాటి దానికి అమెరికా పండితుడు కావలెనా యని మొదట నవ్వుకొంటిని. మా అమ్మ పుట్టింటినుండి తెచ్చుకొన్న ఇత్తడి చెంబు నేటికిని మా యింట నున్నది. మెడ సన్నమగుటచే వ్రేళ్లకు పట్టు చిక్కును; పొట్ట గుండ్రమగుటచే చంకకు ఆనును; నడచునపుడు నీరు తొణకదు; చేయి లోనికి పోవును గనుక చింతపండుతో తోమవచ్చును. దాని నెట్లు పట్టుకొనవలెనో ఎవరును ఎవరికిని నేర్పలేదు. భారత ప్రభుత్వము ఆహ్వానింపగా ఈ దేశమును చూచిన చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో సమర్పించిన నివేదికలో ఈ చెంబునే మిక్కిలి కొనియాడిరట. ఆ నివేదిక ఫలితముగనే 1961లో అహమ్మదాబాదున జాతీయ డిజైను సంస్థ వెలసినది. తెల్లవారుజామున బావి గట్టున చెంబెడు చన్నీళ్లు ముఖమున చల్లుకొనుటలోని సుఖము ఆ నివేదికలో ఉన్నదో లేదో కాని, నాకు దానికి మించినది లేదు.

నాకు నిద్ర పట్టనీయనిది చెంబు కాదు, ఒక ఫారము.

1990 ప్రాంతమున మా కార్యాలయమున వితంతు పింఛను దరఖాస్తు ఫారమునకు స్టెన్సిలు కోసినది నేనే. చుక్కల గీతకు క్రింద 'పేరు', 'భర్త పేరు' అని చిన్న అక్షరములతో వేసితిని. జనులు ఆ మాటకు క్రింది గీతపై పేరు వ్రాసెడివారు. భర్త పేరుండవలసినచోట ఆమె పేరు, ఊరి పేరుండవలసినచోట భర్త పేరు వచ్చెడివి. నేను ఎఱ్ఱ సిరాతో కొట్టివేసి త్రిప్పి పంపెడివాడను. పల్లెనుండి ఒక తెలుగు ముసలమ్మ మూడుమార్లు వచ్చినది. మూడవమారు "నాయనా, నేనెక్కడ తప్పానో చెప్పు" అని అడిగినది. మన భాషలో ఒక్క ముక్క చెప్పిన సరిపోయెడిది. "చదువు వచ్చినవాళ్లను వెంటబెట్టుకొని రా" అంటిని. ఆమె మరల రాలేదు. అట్లు రానివారు ఎందరో నేను లెక్కపెట్టలేదు.

మరునాడు ఉదయము నా భార్యతో "తప్పు నీది కాదు, స్టవ్వుది" అని చెప్పి, ముసలమ్మ సంగతియు చెప్పితిని. ఆమె చాలసేపు మాటాడలేదు. తరువాత లేచి, అద్దమునకు అంటించియున్న ఎఱ్ఱ బొట్టుబిళ్లను తీసి, పాలు కాచు పొయ్యి నాబుపై అంటించినది. పుస్తకము ఆమె చదువలేదు.

పాలు ఇప్పటికిని అప్పుడప్పుడు పొంగుచునే యున్నవి. అయితే అది కాఫీ కొఱకు వంటయింట నిలిచి నేను పెట్టు కబుర్ల వలన.